అప్‌డేట్: అమ్మ మోకాళ్ల నొప్పి మాత్రల సంగతి

పోయిన వారం అడిగాను కదా, అలిపిరి మెట్లెక్కి వచ్చాక అమ్మ మోకాళ్ల నొప్పికి షాపులో ఇచ్చిన కాంబినేషన్ మాత్ర వేసుకుంటోంది, జలుబు మాత్ర కూడా కలిపి వేసుకోవచ్చా అని. ఆపి, డాక్టరుకు చూపించమన్నారు. మీ మాట విని మంచి పని చేశాను.

ఆ రాత్రే స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి, ఫోను లైటు వేసి వెనక చిన్న అక్షరాలు చదివాను. నొప్పి మాత్రలో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు. జలుబు మాత్రలో మళ్లీ పారాసిటమాల్ 500. ఒళ్లు వెచ్చగా ఉందని వేసుకున్న డోలోలో 650. పేర్లు మూడు, లోపల మందు అదే! ఒక్క పూటకే 1,475. మూడు పూటలా వేసుకుంటే 4,425 అవుతుంది. పెద్దవాళ్లకైనా రోజుకు 4,000 దాటకూడదు. చేతులు వణికాయి నాకు.

మర్నాడు పొద్దున్నే ఇక్కడే తిరుపతిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఐబుప్రొఫెన్ గురించే ఎక్కువ అడిగారు. అమ్మ బీపీకి టెల్మిసార్టన్ వాడుతుంది. ఐబుప్రొఫెన్ బీపీని పెంచగలదు, ఈ రెండూ కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుందన్నారు. పైగా శనివారం ఒక్కపొద్దు, ఖాళీ కడుపుతోనే వేసుకుంది. షాపతను బీపీ ఉందా అని అడగలేదు, మేమూ చెప్పలేదు.

కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ టెస్టు, లివర్ టెస్టులు నార్మల్ వచ్చాయి. అప్పటిదాకా టెన్షన్‌తో అన్నం సయించలేదు.

ఇప్పుడు పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో. రాత్రిళ్లు వేడి కాపడం పెడుతున్నాను. మాత్ర వేసుకున్న టైము అమ్మే క్యాలెండర్ మీద రాస్తోంది. విరేచనం నల్లగా అయినా, మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా వెంటనే రమ్మన్నారు.