జపాన్ ఉలితో చెక్కిన బొమ్మను శాండ్ పేపర్‌తో రుద్దవచ్చా?

కొత్త ఉలి
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా సెలవు రోజుల్లో కొయ్య చెక్కుతున్నాను. ఈ మధ్య మా బావ జపాన్ నుంచి వస్తూ ఒక చోకోకుతో సెట్ తెచ్చాడు. అయిదు చిన్న ఉలులు. ఏటవాలు అంచున్న కిరిదాషి, అంచు తిన్నగా ఉండే హిరాతో, గుండ్రంగా తవ్వే మారుతోలు రెండు, గాడి తీసే సంకాకుతో. గుమ్మడి టేకు ముక్క మీద గుడ్లగూబను చెక్కాను. ముఖం మీద ఉలి గుర్తులు గరుకుగా అనిపించి 120 నంబరు శాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 400 దాకా రుద్దాను. ఒక మిత్రుడికి చూపిస్తే "జపాన్ పనిని రుద్దరు, చెడగొట్టావు" అన్నాడు. అప్పటి నుంచి మనసు బాగాలేదు. నిజంగా రుద్దకూడదా?

తొయామా తెలుగు
మీ మిత్రుడు చెప్పింది నిజం. రుద్దకూడదు.

నేను ఆరేళ్లుగా జపాన్‌లోని తొయామాలో ఉంటున్నాను. ఇక్కడికి దగ్గర్లోనే ఇనామి అనే ఊరుంది. 1390లో వెలసిన జుయిసెంజి గుడి ఆ ఊరికి ప్రాణం. 1760లలో ఆ గుడి కాలిపోయాక తిరిగి కట్టడానికి క్యోటో నుంచి ఒక శిల్పిని పంపారు. ఊళ్లోని వడ్రంగులు ఆయన దగ్గర పని నేర్చుకున్నారు. ఆ విద్యే ఇప్పటికీ ఊరికి అన్నం పెడుతోంది. ఒక్కో పనివాడి దగ్గర 200కు పైగా ఉలులుంటాయి. గుడి ముందు యోకామాచి వీధిలో నడిస్తే రెండు పక్కలా ఉలి దెబ్బలు వినిపిస్తాయి. 1996లో జపాన్ ప్రభుత్వం కాపాడుకోవాల్సిన 100 శబ్దాలను ఎంపిక చేసినప్పుడు ఈ చప్పుడుకూ అందులో చోటిచ్చింది.

200 ఉలులు ఎందుకు? ప్రతి వంపుకీ సరిపోయే ఉలి చేతిలో ఉంటే ఆఖరి కోత దాంతోనే అయిపోతుంది. పదునున్న ఉలి కర్ర నారను తెగ్గోస్తుంది, తెగిన చోట కర్ర దానంతటదే మెరుస్తుంది. శాండ్ పేపర్ ఆ నారను చీల్చి నూగు లేపుతుంది, వెలుతురు దాని మీద చెదిరిపోతుంది. పైగా పేపర్ నుంచి రాలిన గరుకు పొడి కర్రలో ఇరుక్కుంటుంది. తర్వాత అక్కడ ఉలి పెడితే అంచు పోయినట్టే.

సానరాయి
కొత్త ఉలి గారూ, ఉలులు ఏ రాయి మీద నూరారు? అది చెప్పకుండా ఈ చర్చ దండగ.

రంపపుపొట్టు
రోటరీ టూల్ ఒకటి కొనుక్కోండి. అయిదు నిమిషాల పని.

నకాషి
తొయామా గారు చెప్పింది ఒక ఊరి సంగతి. దాన్ని జపాన్ అంతటికీ చుట్టబెట్టడం సరికాదు.

జపాన్‌లో నెత్సుకే అని బొటనవేలంత బొమ్మలుంటాయి. వాళ్ల పాత దుస్తులకు జేబులు ఉండేవి కావు. నడుముపట్టీకి చిన్న పెట్టెను వేలాడదీసి, తాడు జారకుండా పైన ఈ బొమ్మను కట్టేవారు. వాటిలో చాలా వాటిని చెక్కాక నున్నగా రుద్దేవారు. తొకుసా అని కణుపులు కణుపులుగా పెరిగే మొక్క ఒకటి ఉంది, దాని కాడలో సిలికా ఉంటుంది. కాడను ఎండబెట్టి దాంతో రుద్దుతారు. ఆ పేరుకు అర్థమే నూరే గడ్డి. ముకునోకి చెట్టు ఆకులు కూడా గరుకుగా ఉంటాయి, వాటితోనూ మెరుగు పెట్టేవారు. ఇది శాండ్ పేపర్ కాక మరేమిటి?

ఇంకొకటి. జపాన్‌లోని బ్యోదోయిన్ గుడిలో జోచో అనే శిల్పి 1053లో చేసిన అమిదా బుద్ధుడున్నాడు. కొయ్య ముక్కలను విడివిడిగా చెక్కి జోడించిన విగ్రహం. దాని మీద లక్క పూసి, బంగారు రేకు అంటించారు. ఉలి గుర్తులు ఎక్కడున్నాయి? గొప్ప పని అంటే ఉలి గుర్తులు కనబడాలన్న నియమం అక్కడ లేదు.

తొయామా తెలుగు
నకాషి గారూ, నెత్సుకే వేలితో తడిమే వస్తువు, బట్టకు తగిలే వస్తువు. గరుకుగా ఉంటే పట్టు దారం లాగేస్తుంది, కాబట్టి రుద్దారు. విగ్రహం మీద బంగారం నిలవాలి, కాబట్టి నునుపు చేశారు. ఆ రెండింటికీ కారణాలున్నాయి. ఈయన చెక్కింది షెల్ఫ్ మీద పెట్టే గుడ్లగూబ.

హిదా తకయామా ఊరివాళ్ల ఇత్తోబోరి చెక్కడం చూడండి. ఇచీయి అనే కర్రను చెక్కి రంగు వేయకుండా, ఉలి పెట్టిన చోటల్లా పలకలు కనబడేలా వదిలేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కర్ర తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ పద్ధతికి రూపమిచ్చిన మత్సుదా సుకెనాగా 19వ శతాబ్దపు మనిషి. మీరు చెప్పిన నెత్సుకే పనివాడే ఆయన! ఇచీయి కర్ర అందం రంగు కింద కప్పబడిపోకూడదని ఈ దారి పట్టాడు.

నకాషి
అంటే నెత్సుకే పనివాడు కూడా తన ఇష్టం వచ్చినట్టు చేశాడన్న మాట. నేను చెప్తున్నదీ అదే కదా. 'రుద్దకూడదు' అనే నియమం ఎక్కడిది?

సానరాయి
మీరిద్దరూ అసలు సంగతి వదిలేసి ఎక్కడికో పోతున్నారు. ఉలి గుర్తులు గరుకుగా ఎందుకొచ్చాయి? పదును లేక. పదునున్న అంచు వదిలిన గుర్తు వేలికి గరుకుగా తగలదు. అతను పేపర్ పట్టింది రాయి పని చేయక. అందుకే అడిగాను, ఏ రాయి?

జపాన్ ఉలిలో రెండు లోహాలుంటాయి. అంచున హగానే, అంటే గట్టి ఉక్కు. దానికి ఆసరాగా జిగానే, అంటే మెత్తటి ఇనుము. కమ్మరి కొలిమిలో కాచి సుత్తితో కొట్టి రెండింటినీ ఏకం చేస్తాడు. మొత్తం గట్టి ఉక్కే అయితే నూరలేక చచ్చిపోతాం, దెబ్బకు విరుగుతుంది కూడా. మొత్తం మెత్తటిదైతే అంచు నిలవదు. యసుగి ఉక్కులో 'తెల్ల కాగితం', 'నీలి కాగితం' అనే రకాలున్నాయి, ఆ పేర్లు చుట్టి ఇచ్చే కాగితం రంగును బట్టి వచ్చాయి. తెల్లదానిలో కార్బన్ తప్ప పెద్దగా ఏమీ కలపరు, చాలా సన్నటి అంచు వస్తుంది. నీలిదానిలో క్రోమియం, టంగ్‌స్టన్ ఉంటాయి, అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంత కష్టపడి చేసిన ఉలిని గ్రైండర్ మీద పెడితే, అంచు నీలం తిరిగిన క్షణం గట్టిదనం పోతుంది. నీళ్ల రాయి మీద చేత్తోనే నూరాలి. ముందు 1000 నంబరు, తర్వాత 6000.

కొత్త ఉలి
సానరాయి గారూ, నిజం చెప్పాలంటే నూరలేదు. పెట్టెలోంచి తీసి అలాగే వాడాను.

సానరాయి
అదీ సంగతి.

కృష్ణ ఒడ్డు
చదువుతుంటే బాగుంది. గుడ్లగూబ ఫొటో పెట్టండి బాబూ.

తొయామా తెలుగు
సానరాయి గారు సరిగ్గా చెప్పారు. అదే నా బాధ కూడా. నూరడానికి గంట కూర్చునే ఓపిక మన దగ్గర లేదు. ఇండియా వచ్చినప్పుడల్లా చూస్తాను. తలుపు మీద నగిషీ చెక్కుతారు, గుర్తులు మిగిలితే రుద్దేస్తారు, పైన గ్లాసీ వార్నిష్ దట్టంగా కొడతారు. కింద కర్ర ఏదో కూడా తెలియదు. ఇనామిలో కుర్రవాళ్లు అయిదేళ్లు గురువు దగ్గర ఉండి నేర్చుకుంటారు. పనిని గౌరవించడం అంటే అది.

నకాషి
తొయామా గారూ, ఇప్పుడు మీరు నా ఇంటి గడపలోకి వచ్చి మాట్లాడారు. కాబట్టి చెప్తాను.

మా నాన్న నిర్మల్‌లో బొమ్మలు చేసేవారు. పొణికి కర్ర, చాలా మెత్తన. ముక్కలు అతకడానికి చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపి పూస్తాం, ఆరాక నునుపు చేసి, ఆ పైన రంగు. అది ఓపిక లేక చేసిన పని కాదు, ఆ కర్రకూ ఆ రంగుకూ అదే పద్ధతి. నేను పద్నాలుగో ఏట నాన్న పక్కన కూర్చున్నాను. అయిదేళ్లు కాదు, పదకొండేళ్లు. తర్వాత బొమ్మల మీద ఇల్లు గడవక టేకు తలుపులు, పూజా మందిరాలు చెక్కడం మొదలుపెట్టాను.

ఏడేళ్ల కింద ఒక ఇంటికి సింహద్వారం చెక్కాను. రెండు నెలల పని. లతలు, చిలుకలు. లతల ఆకుల మీద పేపర్ పెట్టలేదు. నా ఉలి అంచు మీద నాకు నమ్మకం. ఇంటాయన వచ్చి ఆకు మీద గోరుతో గీకి "ఫినిషింగ్ లేదు, గరుకుగా ఉంది" అన్నాడు. మాట్లాడుకున్న దాంట్లో పదిహేను వేలు కోసేశాడు. మిగిలిన డబ్బు కోసం ఆయన గేటు దగ్గరే కూర్చుని, మా అబ్బాయితో కలిసి మూడు రోజులు ఆ ఆకులన్నీ రుద్దాను. తర్వాతి సంవత్సరం ఆయన తమ్ముడి ఇంటి తలుపు మెషీన్ మీద చేయించారు.

మీరు ఇనామిలో చూసి మెచ్చుకునే ఉలి గుర్తు నా తలుపు మీద కూడా ఉండేది. అక్కడ దాన్ని కళ అన్నారు, ఇక్కడ లోపం అన్నారు. ఉలి అదే, చెయ్యి అదే. మీకు ప్రతి నెలా జీతం పడుతుంది, ఆదివారం చెక్కిన దాన్ని రుద్దకుండా ఉంచుకోగలరు. రుద్దకుండా ఉంచే హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు.

రంపపుపొట్టు
అన్నా, ఈ ముక్క ముందే చెప్పాల్సింది.

తొయామా తెలుగు
నకాషి గారూ, మీ తలుపు గురించి నేను అనలేదు. అయినా మీకు తగిలింది, క్షమించండి. 'ఓపిక లేదు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఇనామిలో అంతా బాగుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. అలా లేదు. ఆ ఊరికి పెద్ద ఆధారం రన్మా. అంటే నేలంతా చాపలు పరిచిన గదుల మధ్య, తలుపు పైన పెట్టే చెక్కుడు పలక. కర్పూరం చెట్టు కర్రతో చేస్తారు, రెండు వైపుల నుంచీ చూసేలా చెక్కుతారు. ఇప్పుడు కట్టే ఇళ్లలో చాప గదులే తగ్గిపోయాయి. చాప గది లేని ఇంట్లో రన్మాకు చోటెక్కడ? మా వైపు కొడుకు పుట్టిన ఇంట్లో కొత్త సంవత్సరానికి చదువుల దేవుడు తెంజిన్ బొమ్మ పెట్టే ఆచారం ఉంది, అదీ పలచబడుతోంది. నాకు నేర్పే పెద్దాయన తన కొడుకును ఈ పనిలోకి రమ్మని అడగలేదు. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు, ఉలి నూరుకుంటూ కూర్చున్నారు. నేను రుద్దవద్దని గట్టిగా అనేది అందుకే. ఉలి గుర్తు కూడా పోతే మెషీన్ చేసిన దానికీ ఆయన చేసిన దానికీ కొనేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

నకాషి
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను తొకుసా గురించి రాసేవాణ్ణే కాదు.

అయినా ఒక మాట. తేడా తెలియాల్సింది కొనేవాడికి. దాని బరువు మళ్లీ చెక్కేవాడి మీదే వేస్తున్నారు. 'నువ్వు రుద్దకు' అంటే నా పదిహేను వేలు ఎవరిస్తారు? రుద్దవద్దని నాకు చెప్పే బదులు ఆ ఇంటాయనకు చెప్పండి.

తొయామా తెలుగు
ఆయనకు ఎవరు చెప్పాలో నాకూ తెలియదు. కానీ ఈ కొత్త ఉలి గారికి ఇంటాయన లేడు. ఆయన గుడ్లగూబ ఆయనదే. ఆయనైనా రుద్దకుండా ఉంచాలి.

నకాషి
ఆ మాటకు ఒప్పుకుంటాను. ఆయనకు మాత్రమే.

కృష్ణ ఒడ్డు
నకాషి అన్నా, మీ నాన్నగారి బొమ్మలు ఏవైనా దగ్గరున్నాయా?

నకాషి
బొమ్మలు లేవు, అన్నీ అమ్ముడుపోయాయి. మా పూజగదికి ఆయన చెక్కిన టేకు పలక ఒకటి ఉంది. ముందువైపు నున్నగా రుద్దారు, అద్దంలా ఉంటుంది. వెనకవైపు గోడకు ఆనుకుని ఉంటుంది కదా, అక్కడ రుద్దలేదు. మొన్న గోడలకు సున్నం వేయడానికి దాన్ని దింపాను. వెనక ఆయన ఉలి దెబ్బలు వరసగా, ఒకే లోతులో, కుడి నుంచి ఎడమకు ఉన్నాయి. ఆయన ఎడమచేతి వాటం. సున్నం ఆరిన తర్వాత కూడా రెండు రోజులు గోడకు పెట్టబుద్ధి కాలేదు.

కొత్త ఉలి
అందరికీ థాంక్స్. నా ప్రశ్న ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. 1000 రాయి ఆర్డర్ పెట్టాను. గుడ్లగూబను కొంచెం కొంచెంగా మళ్లీ చెక్కుదామనుకుంటున్నాను, పైపొర ఒక మిల్లీమీటరు తీసేసి. తొయామా గారు చెప్పినట్టు పేపర్ పొడి అంచును తింటుందా?

తొయామా తెలుగు
తింటుంది. ముందు గట్టి బ్రష్‌తో బాగా దులపండి. మొదటి పొర పాత ఉలితో తీసేయండి, కొత్తది తర్వాత.

కొత్త ఉలి
సరే. హిరాతో రాయి మీద ఆనుతుంది. మరి మారుతో లోపలి వంపు ఎలా నూరాలి?

సానరాయి
బయటివైపు రాయి మీద చేతిని పక్కకు దొర్లిస్తూ నూరండి, ఒక్క చోటే ఆపితే అంచు మధ్యలో గుంట పడుతుంది. లోపలివైపు అంచున సన్నటి పొర లేస్తుంది, దాన్ని మాత్రమే తీయాలి. ఆ వంపుకు సరిపోయేలా గుండ్రంగా అరగదీసిన సన్న రాయి ముక్క కావాలి. దొరక్కపోతే ఒక కర్ర పుల్లను అదే వంపులో చెక్కి, తోలు చుట్టి, మెరుగు పేస్టు రాయండి. సంకాకుతో మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. రెండు అంచులు కలిసే మూల దగ్గర అందరూ తప్పు చేస్తారు. ముందు హిరాతో నూరి, దాంతో గుమ్మడి టేకు మీద ఒక కోత కోసి, దగ్గరి నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మెరుస్తుందో లేదో చూసి చెప్తాను.

నకాషి
ఫొటో పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి. ఎదురుగా తీస్తే ఏదీ కనబడదు.