రికార్డో ఎంపీగా ఉన్న పోర్టార్లింగ్టన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఎకనామిక్స్‌లో భాటక సిద్ధాంతం (భూమి అద్దె గురించినది) చదివినవాళ్లకు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో తెలుసు. ఆయన 1819 నుంచి 1823లో చనిపోయేదాకా ఐర్లండ్‌లోని పోర్టార్లింగ్టన్ అనే చిన్న ఊరికి ఎంపీ. అప్పుడక్కడ ఓటర్లు డజను మందికి అటూఇటూ. పెళ్లి భోజనాల్లో ఒక పంక్తికి కూడా చాలరు! ఊరి ప్రభువుకు అప్పిచ్చి ఆ సీటు సంపాదించాడని చదివితే మనసు చివుక్కుమంది.

1801కి ముందు ఈ ఊరు డబ్లిన్ పార్లమెంటుకు ఇద్దరిని పంపేది, తర్వాత వెస్ట్‌మినిస్టర్‌కు, అంటే లండన్‌లోని బ్రిటిష్ పార్లమెంటుకు, ఒక్కరినే. 1885లో ఆ సీటే రద్దయింది.

నాకు కావాల్సింది 1832 ఎన్నికల సంస్కరణ తర్వాతి సంగతి. ఒక్కో ఎన్నికలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయి, కొత్తగా ఓటు ఎవరికొచ్చింది? ఆ వివరాలు ఎక్కడ దొరుకుతాయి? ఐర్లండ్‌లో ఉంటున్న మనవాళ్లెవరైనా అక్కడి లైబ్రరీలో చూసి చెప్పగలరా?