ఇంగ్లీషు మాట పక్కన తెలుగులో రాసుకోనివ్వచ్చా?

సాయంత్రంబడి: ఒకటో తరగతి పిల్లలు, హైస్కూలు వాళ్లు, అమెరికా వెళ్లబోయే అమ్మమ్మలు... అందరూ ఇంగ్లీషు మాట పక్కన తెలుగులో రాసుకుంటామంటారు. ఎవరికి ఒప్పుకోవాలి?

పలకాబలపం: చిన్నపిల్లలకి వద్దండి. పక్కన తెలుగు కనిపిస్తే ఇంగ్లీషు అక్షరాల మీదికి కన్నే పోదు. ముందు ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ పలికే ధ్వనులు నేర్పండి, పేర్లు తర్వాత. ఈ ఆరింటితోనే సిట్, ప్యాన్, టిప్ చదివేస్తారు. బి, డి మాత్రం ఒకే వారంలో వద్దు, తారుమారవుతాయి.

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి 'కప్' అనబోతే నోరు 'కప్పు' వైపే పోతుంది. అందుకే పెదవులు మూసుకునే మాటలతో మొదలుపెట్టాలి: కప్, మ్యాప్, రూమ్. అద్దం ముందు నిలబెట్టి, మాట అయ్యాక మూడు లెక్కపెట్టేదాకా పెదవులు మూసే ఉంచమనండి. 'ఉ' వచ్చిందంటే పెదవులు విడిపోయి గుండ్రంగా ముందుకొస్తాయి, పిల్లలే పట్టేస్తారు. బుక్, క్యాట్ ఆ తర్వాతే. 'ఇస్కూల్' అంటుంటే పాము బుసలా 'స్స్స్' సాగదీయించి, దానికి 'కూల్' తగిలించండి.

తొమ్మిదోక్లాసు: హైస్కూల్లో లిపితో పేచీ లేదు, ఇంగ్లీషులో ప్రశ్న వేయడంతోనే. 'వస్తాడు'ని 'వస్తాడా' చేస్తే తెలుగులో ప్రశ్న అయిపోయింది. ఇంగ్లీషులో డజ్ కావాలి, దాంతో 'డజ్ హి కమ్స్?' అంటారు. 'ఎస్' రాసిన అట్టముక్క ఒక్కటే ఇవ్వండి. ప్రశ్న వేసేటప్పుడు కమ్ పక్కనుంచి దాన్ని తీసి, ఇంగ్లీషు 'డు' (do)కి 'ఈ' చేర్చి దాని పక్కన పెట్టించాలి. కమ్ పక్కన ఖాళీ కంటికి కనిపిస్తుంది. 'డిడ్ హి కేమ్'కీ ఇదే మందు: గతకాలాన్ని డిడ్ తీసేసుకుంది. అందరి ముందు మాత్రం దిద్దకండి, ఈ వయసులో మళ్లీ నోరు విప్పరు.

పెద్దలపాఠం: అరవై దాటినవాళ్లని రాసుకోనివ్వండి. లిపి నేర్పుతూ కూర్చుంటే ప్రయాణం రోజు వచ్చేస్తుంది. కాకపోతే అక్కడి ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారి అడిగే ప్రశ్నల్ని వినబడినట్టు రాయించాలి: 'వాట్ ఈజ్ ది' కాదు, 'వాట్స్ ద పర్పస్'. పర్పస్, హౌ లాంగ్, స్టే చెవిన పడితే చాలు. జవాబు క్లుప్తంగా: 'టు సీ మై డాటర్', 'త్రీ మంత్స్'. అర్థంకాకుండా 'యెస్, యెస్' అని తలూపడమే ప్రమాదం. అప్పుడు 'ప్లీజ్ సే దట్ అగైన్' అనాలి. గంటపాటు ఒకేసారి కూర్చోబెట్టకుండా పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15.

పలకాబలపం: ఒప్పుకుంటాను, కానీ 'వ' ఒక్కటే వి, డబ్ల్యు రెండింటికీ పనిచేస్తుంది, అక్కడ చిక్కు. వి ఉన్నచోట 'వ' కింద గీత గీయించండి. గీత ఉంటే పైపళ్లు కింది పెదవిని తాకాలి, లేకపోతే పెదవులు సున్నాలా చుట్టాలి.