అంగిటి క్యాన్సర్‌లో ట్విస్ట్1, స్లగ్ పెరిగాయి: పిండదశకు తిరిగి వెళ్లినట్టేనా?

తీరం_విశాఖ:
విశాఖ, శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగేవారి (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగేవారి) గట్టి అంగిటి నుంచి తీసిన పొలుసుకణ క్యాన్సర్ బ్లాకులు (మైనంలో నిలవచేసిన కణజాలం) ఇవి. ఆర్‌ఎన్‌ఏ తీసి క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) చేస్తే, పక్కనున్న మామూలు పొరకంటే ట్విస్ట్1, స్లగ్ జన్యువులు బాగా ఎక్కువ వచ్చాయి. సాక్స్2 అనే మరో పిండదశ జన్యువు కొన్నింటిలోనే పెరిగింది. ముఖం ఏర్పడేటప్పుడు న్యూరల్ క్రెస్ట్ కణాలు (పిండంలో ముఖభాగాలుగా మారే కణాలు) కదలడంలో ట్విస్ట్1, స్లగ్‌లకు పాత్ర ఉంది కదా, అందుకని క్యాన్సర్ కణాలు పిండదశకు వెళ్లాయని థీసిస్‌లో రాయవచ్చా? క్యాన్సర్‌ను పెంచే నాచ్1 జన్యువు మాత్రం ఇక్కడ ఎందుకు తగ్గింది?

గాజుపలక:
అప్పుడే రాయకండి. ముక్క మొత్తం నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో ఫైబ్రోబ్లాస్టులదీ (గడ్డ చుట్టూ ఉండే సంధాయక కణాలది) కలిసి ఉంటుంది, ట్విస్ట్1 వాటిలో మామూలుగానే ఉంటుంది. గడ్డలో స్ట్రోమా (క్యాన్సర్ కణాల మధ్య ఉండే ఆధార కణజాలం) ఎక్కువైతే చాలు, అంకె పెరుగుతుంది. తల, మెడ క్యాన్సరున్న 18 మంది కణాలను ఒక్కొక్కటిగా చదివిన 2017 అధ్యయనంలో కొన్ని క్యాన్సర్ కణాలు పొర కణాల నుంచి కదిలే కణాలుగా సగమే మారాయి: కెరాటిన్లు (పొర కణాల గుర్తు ప్రొటీన్లు) పోలేదు, ట్విస్ట్1 దొరకలేదు, స్లగ్ ఉంది. ఆ కణాలు ఉన్నదీ గడ్డ అంచున, ఫైబ్రోబ్లాస్టుల పక్కనే. కాబట్టి స్లగ్‌ను పట్టించుకోండి, ట్విస్ట్1ను ముందు అనుమానించండి.

హెచ్‌అండ్‌ఈ (మామూలుగా వేసే రంగు) స్లయిడు మీద గడ్డ కణాలు దట్టంగా ఉన్నచోటు గుర్తు పెట్టి, 10 మైక్రాన్ల కోతల్లో ఆ భాగాన్నే బ్లేడుతో గీకి మళ్లీ చేయండి. పక్క కోత 4 మైక్రాన్లది తీసి, స్లగ్, పాన్‌సైటోకెరాటిన్ (అన్ని రకాల కెరాటిన్ల గుర్తు) రెండు రంగుల్లో వేయండి. రెండూ ఒకే కణంలో కనిపిస్తేనే అది గడ్డది.

మూడో_క్రోమోజోమ్:
నాచ్1 సంగతి. టీ కణాల ల్యూకీమియాలో అది క్యాన్సర్‌ను నడిపిస్తుంది. పొలుసు పొరలో దాని పని వేరు, అడుగు కణం విభజన మాని పరిపక్వం కావడానికి అదే కావాలి. అందుకే తల, మెడ పొలుసుకణ క్యాన్సర్లలో దాన్ని పాడుచేసే మ్యుటేషన్లు ఉంటాయని 2011లోనే రెండు బృందాలు చూపించాయి. మీ ఫలితం తప్పేమీ కాదు.

సాక్స్2కు వేరే కారణం చూడండి. సాక్స్2, పీఐకే3సీఏ, టీపీ63 మూడు జన్యువులూ 3వ క్రోమోజోమ్ పొడవు చేతి చివర్లో దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆ ముక్క కాపీలు పెరిగితే అన్నీ కలిసి పెరగవచ్చు. ముందు ఫిష్ (జన్యువు కాపీలను మెరిసే గుర్తులతో లెక్కపెట్టే పరీక్ష) చేయండి. కాపీలు పెరిగిన చోట దాన్ని పిండదశ అనడం సరికాదు.

ఎముక_ముక్క:
గట్టి అంగిలి కదండీ, ఎముకను ఏ ద్రవంలో మెత్తబరిచారో రాయలేదు. నైట్రిక్ ఆమ్లమైతే ఆర్‌ఎన్‌ఏ తునకలైపోతుంది, ఆ బ్లాకులు వదిలేయడమే మేలు. ఇకముందు మెత్తటి కణజాలాన్ని విడదీసి, పదింతల 10 శాతం న్యూట్రల్ ఫార్మలిన్‌లో 24 గంటలు ఉంచండి. ఎముకకు మాత్రం ఈడీటీఏ (ఆమ్లం లేకుండా కాల్షియాన్ని తీసే ద్రవం), పీహెచ్ 7.4 దగ్గర. వారాలు పట్టినా ఆగాలి. క్యూపీసీఆర్ ప్రైమర్ల (కొలవాల్సిన ముక్కను రెండు వైపులా పట్టుకునే చిన్న డీఎన్‌ఏ తునకల) మధ్య దూరం 100 బేస్ జతలు దాటకూడదు. పోలికకు కొలమానంగా జీఏపీడీహెచ్ జన్యువు ఒక్కదాన్నే ఆధారం చేసుకోకండి, ఆక్సిజన్ తక్కువైన గడ్డలో అదీ పెరుగుతుంది.

ఇంకోటి, అడ్డపొగ తాగేవారి పక్కపొర మామూలు పొర కాదు. ఏళ్ల తరబడి నిప్పు సెగ, పొగ తగిలి అప్పటికే మారి ఉంటుంది. పొగ తాగనివారి అంగిటి పొర కొన్నయినా పోలికకు పెట్టండి.