డిగ్రీ ఎగ్జామ్స్‌ల ఇంతమంది చిట్టీలు ఎందుకు పెడ్తాండ్రు?

నేను హన్మకొండల బీకాం సెకండ్ ఇయర్. మొన్నటి సెమ్‌ల మా రూంల సగం మంది దగ్గర చిట్టీలే, మైక్రో జిరాక్స్ కొట్టించి హాల్‌టికెట్ వెనుక మడతవెట్టిండ్రు. స్క్వాడ్ అస్తాంది అనంగనే కిటికీలకెల్లి పారేసిండ్రు, వాళ్లు పోయినంక పక్కోళ్లయి అడుక్కొని మళ్ల షురూ. తెలివి లేనోళ్లా అంటే కాదు. మరెందుకు గిట్ల?

రిప్లై – మానుకోట అన్న
చెల్లె, నేను టెన్త్ దాక తెలుగు మీడియం, ఇంటర్ గూడ అంతే. డిగ్రీల దోస్త్‌ల (ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లల్ల) సీటొచ్చిన కాలేజీల ఇంగ్లిష్ మీడియమే ఉండె. అకౌంట్స్ లెక్కలు చేసేటోన్ని, కని బిజినెస్ లా ఆన్సర్ ఇంగ్లిష్‌ల నాలుగు లైన్లు సొంతంగ రాయరాకపోయేది. మా దోస్తులు చానమంది బట్టీ పట్టిండ్రు, అది కానోళ్లు చిట్టీ పెట్టిండ్రు, రెండిట్ల అర్థమైంది ఏం లేదు. ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చేటోళ్లను అడుగు, గిదే చెప్తరు.

రిప్లై – లెక్చరర్‌గ చేసిన
పేపర్లు దిద్దినోన్ని కాబట్టి చెప్తున్న. ఒక పిల్లగాడు జవాబు మధ్యల "కింది పటం చూడుము" అని గూడ ఎక్కించిండు, పటం మాత్రం లేదు. నాకు కోపం రాలే, ఏడుపొచ్చింది. ఏం రాస్తున్నడో వానికి తెల్వదు, మూడేండ్ల సంది ఎవలు చూసుకోలే. స్కాలర్‌షిప్ కోసం 75 శాతం అటెండెన్స్ కాగితం మీద ఉంటది, క్లాస్‌ల పది మంది ఉండరు, మిగిలినోళ్లు పనికి పోతరు, ఎగ్జామ్ ముందటి వారం ఇంపార్టెంట్ క్వశ్చన్ల లిస్ట్ పట్టుకుంటరు. గా లిస్టే చిట్టీ అయితది. ప్రశ్నలు గూడ ఏటా అవే తిరిగి తిరిగి వస్తయి, ఆలోచించి రాసేటి ప్రశ్న ఒక్కటిస్తే చిట్టీ దేనికి పనికొస్తది చెప్పుండ్రి.

రిప్లై – నర్సంపేట
సార్, కష్టాలు అందరికీ ఉన్నయి. మా అక్క కూలికి పోయి వచ్చి రాత్రి చదివి పాసైంది. 1997లనే మాల్‌ప్రాక్టీస్ చట్టం వచ్చింది, జైలు దాక ఉంది అండ్ల, అయినా కొన్ని సెంటర్లల్ల ఇన్విజిలేటరే పేపర్ చదువుకుంట కూసుంటడు. చదివినోళ్లకు అన్యాయం కాదా?

రిప్లై – మానుకోట అన్న
అన్యాయమే అన్న, కాదంటలే. చెల్లె, మీ క్లాసోళ్లకు ఒకటి చెప్పు, తెలుగు అకాడమీ బుక్ తెచ్చుకొని ముందు తెలుగుల అర్థం చేసుకొని, అటెన్క చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలల్ల రాసుడు అలవాటు చేసుకోమను. నేను ఫైనలియర్ల గట్లనే గట్టెక్కిన.