చీము తీసేశాక యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయాల్సిందేనా?

వానచినుకు: తొడ మీద సెగగడ్డ లేస్తే డాక్టరు గాటు పెట్టి చీమంతా తీసి, ఏడు రోజులకు కోట్రైమోక్సజోల్ రాశారు. మూడో రోజుకే ఎరుపు, నొప్పి తగ్గాయి. కడుపులో మాత్రం ఒకటే తిప్పుతోంది. ఆపేయొచ్చా?

పాతకాపు: ఆపకండి. సగంలో ఆపితే మిగిలిన క్రిములు మొండికేస్తాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు.

నిద్రలేమి: ఆయన హెచ్చరించింది చాలీచాలని మోతాదు గురించండీ, రోజుల లెక్క గురించి కాదు. సెగగడ్డలు తెప్పించే క్రిమి స్టాఫ్ ఆరియస్ పదిమందిలో దాదాపు ముగ్గురి ముక్కులో ఊరికే ఉంటుంది. అనవసరంగా ఎన్నాళ్లు మింగితే అన్నాళ్లు దానికి మందును తట్టుకోవడం నేర్పినట్టే. సెగగడ్డకు చీము తీయడమే అసలు వైద్యం.

పాతకాపు: 2016లో వచ్చిన అమెరికా పరీక్ష చదవండి. చీము తీశాక ఈ మందే వాడినవాళ్లలో 80.5 శాతానికి నయమైంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 73.6 శాతానికి. ఆ తేడా మీకు లెక్కలోకి రాదా?

నిద్రలేమి: ఉత్తుత్తి మాత్రతోనే నలుగురిలో ముగ్గురికి దగ్గర దగ్గరగా తగ్గిందనీ అందులోనే ఉంది!

గడపమల్లి: చీము కల్చర్‌కి పంపారా? ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తేలేది ఆ పరీక్షలోనే. ఆ మాట ఎవరూ అడగరేం?

పాతకాపు: అది తర్వాత. మా నాన్నగారికి స్టాఫ్ రక్తంలోకి పోయింది. జ్వరం తగ్గిందని ఆరో రోజే ఇంజెక్షన్లు ఆపి ఇంటికి పంపేశారు. మూడు వారాలకు వెన్నుపూసలో చీము పట్టింది. పక్క మీద ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించేవారు. మీ శాతాలు ఆయనకు చెప్పండి.

నిద్రలేమి: రక్తంలోకి పోతే తక్కువలో తక్కువ 14 రోజులు ఇవ్వాలి, నేను కాదన్నానా? సెగగడ్డ సంగతి వేరు. మా పాపకు ఏడాదిలో ఐదు కోర్సులు వాడించారు, ప్రతిసారీ సెఫలెక్సిన్ లాంటివే. ఒక్క మాత్ర మానలేదు. ఐదోసారి నేను పట్టుబడితే పరీక్షకు పంపారు. ఎంఆర్ఎస్ఏ, అంటే ఇలాంటి మందులకు లొంగని స్టాఫ్. మందు పట్టుకోవాల్సిన ప్రోటీన్‌కు బదులు అది వేరేది పెట్టుకుంటుంది. ఆ మాత్రలు నెల మింగినా ఒకటే.

పాతకాపు: మందే తప్పయితే అది కోర్సు తప్పెలా అవుతుంది? అయినా ఎప్పుడు ఆపాలో పేషెంటు తేల్చుకుంటే ఎలాగండీ?

నిద్రలేమి: ఐదుసార్లు నోరు మూసుకుని విన్నాను. ఇక వినను.

పాతకాపు: మేమూ విన్నాం, ఆపమంటే ఆపాం.

వానచినుకు: డాక్టరుకు ఫోన్ చేశాను. కల్చర్‌కి పంపలేదట. మాత్రలు భోజనం చేశాక వేసుకుని, రేపు గాయం చూపించమన్నారు. చూశాకే చెబుతారట.