స్ట్రాట్-ఓ-మాటిక్ 2012 రీప్లే: ట్రౌట్, కబ్రేరా సరే, ఎంవీపీ వరుసలో కానో ఎక్కడ?

డైస్‌రాజు (లీగ్ కమిషనర్)

డైస్, ఆటగాళ్ల కార్డులతో ఆడే బేస్‌బాల్ ఆట స్ట్రాట్-ఓ-మాటిక్‌లో మన 2012 అమెరికన్ లీగ్ రీప్లే, అంటే ఆ సీజన్‌ను మళ్లీ ఆడటం, అయిపోయింది. ఆదివారం రాత్రిలోగా అందరూ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) బ్యాలెట్ పంపాలి. పద్ధతి అమెరికా బేస్‌బాల్ రైటర్లదే: పది పేర్లు, మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, తరవాత 8, 7 అంటూ పదో పేరుకు 1.

వచ్చిన బ్యాలెట్లు చూశాక ఈ చర్చ పెట్టక తప్పలేదు. అందరూ 2012 నాటి పాత పంచాయితీనే మళ్లీ పెడుతున్నారు. సగంమంది ట్రౌట్, సగంమంది కబ్రేరా. పై పేర్లలో మూడో మనిషి ఊసే లేదు.

ఈ సీజన్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం ఆ పంచాయితీ ఏమిటో చెప్తాను. 2012లో డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు మిగెల్ కబ్రేరా .330 సగటు, 44 హోమ్ రన్లు, 139 ఆర్‌బీఐలతో (తన బ్యాటింగ్‌తో వచ్చిన పరుగులు) ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు, అంటే ఆ మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడు. 1967లో కార్ల్ యస్ట్రెమ్‌స్కీ తరవాత అప్పటిదాకా ఆ ఘనత ఎవరికీ దక్కలేదు. అదే ఏడు ఏప్రిల్ నెలాఖరులో ఏంజెల్స్ టీమ్‌లోకి వచ్చిన ఇరవై ఏళ్ల మైక్ ట్రౌట్ .326 సగటు, 30 హోమ్ రన్లు, 49 స్టీల్స్, 129 పరుగులు చేశాడు. వార్ లెక్కలో, అంటే మామూలు బదులు ఆటగాడి కంటే ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడన్న లెక్కలో, ట్రౌట్ బాగా ముందున్నాడు. ఓట్లలో మాత్రం 28 మొదటి స్థానాల్లో 22 కబ్రేరాకే పడ్డాయి.

నేను అడిగేది ఒక్కటే. మన లీగ్‌కు ఓటేసేటప్పుడు వార్‌ను ఎందుకు అరువు తెచ్చుకుంటున్నాం? వార్ అసలు గ్రౌండ్‌లో జరిగే ఆటకు కట్టిన లెక్క. మన ఆట కార్డు మీద జరుగుతుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ లెక్కలో సెంటర్ ఫీల్డ్, సెకండ్ బేస్, థర్డ్ బేస్ మూడింటికీ పొజిషన్ విలువ ఒక్కటే. స్ట్రాట్‌లో అలా లేదు. తెల్ల డైస్ 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూస్తాం, 4, 5, 6 పడితే పిచ్చర్ కార్డు. ఒక్కో కార్డులో 108 అవకాశాలు, మొత్తం 216. పిచ్చర్ కార్డు మీది 108లో 30 ఫీల్డర్లవి, అంటే మనం ఎక్స్ అని పిలిచేవి; అక్కడ ఔటా, హిట్టా అన్నది ఆ ఫీల్డర్ సత్తాను బట్టి తేలుతుంది. షార్ట్‌స్టాప్‌కు 7, సెకండ్ బేస్‌కు 6, క్యాచర్, థర్డ్ బేస్, సెంటర్ ఫీల్డ్‌లకు తలా 3, మిగతావాళ్లకు తలా 2.

ఒక టీమ్ పిచ్చర్లు సీజన్‌లో సుమారు 6,100 మంది బ్యాటర్లను ఎదుర్కొంటారు అనుకుంటే, సెంటర్ ఫీల్డర్‌కు దాదాపు 85 ఎక్స్‌లు వస్తాయి. సెకండ్ బేస్‌లో నిలబడేవాడికి 170. అంటే మన ఆటలో రాబిన్సన్ కానో చేతికి ట్రౌట్ కంటే రెట్టింపు పని వస్తుంది. ఆ ఏడు యాంకీస్ తరఫున .313, 33 హోమ్ రన్లు, పైగా గోల్డ్ గ్లవ్ (ఆ పొజిషన్‌లో ఉత్తమ ఫీల్డర్ అవార్డు). అసలు ఓటింగ్‌లో నాలుగో స్థానం దక్కింది. మన బ్యాలెట్లలో మాత్రం ఆరు, ఏడు దగ్గర కనిపిస్తున్నాడు. నా బ్యాలెట్‌లో కానో రెండో పేరు. ఎందుకు కాకూడదో చెప్పండి.

మోటార్‌సిటీ తెలుగు

రాజు గారూ, మీ లెక్క తప్పని నేను అనను. కానీ దాన్ని చివరిదాకా నడపండి. థర్డ్ బేస్‌కు 3 ఎక్స్‌లే అన్నారుగా? మరి కబ్రేరా మీద అందరూ మోపే నేరం ఏమిటి? ఫీల్డింగ్ రాదని. ఆ ఏడు ప్రిన్స్ ఫీల్డర్ వచ్చాడని ఫస్ట్ బేస్ వదిలి థర్డ్ బేస్‌కు మారాడు. టీమ్ కోసం మారిన మనిషిని వార్ శిక్షించింది. స్ట్రాట్‌లో ఆ శిక్ష ఏడాదికి 85 ఎక్స్‌ల దగ్గరే ఆగిపోతుంది. బ్యాటింగ్‌లో మాత్రం ఒక్క పరుగూ తగ్గదు. కాబట్టి మీ వాదన వల్ల అందరికంటే లాభపడేది మా కబ్రేరానే.

ఇంకోటి. 161 గేములు ఆడాడు. ట్రౌట్ 139. ఆడినన్ని గేములే ఆడించాలన్న మన రీప్లే నియమం వల్ల ఏప్రిల్ అంతా ఏంజెల్స్ మేనేజర్ ట్రౌట్ లేకుండానే డైస్ వేశాడు. ఆ గేములు కూడా సీజన్‌లో భాగమే కదా.

సెంటర్‌ఫీల్డ్ సుధ

కబ్రేరా కార్డు పూర్తిగా చదివారా అన్నా? 2012లో అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా డబుల్ ప్లేలకు (ఒకే బంతికి ఇద్దరు ఔట్) దొరికింది ఆయనే, 28 సార్లు. ట్రౌట్ 7. స్ట్రాట్‌లో అవన్నీ కార్డు మీద అచ్చయి ఉంటాయి. ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉండగా గ్రౌండ్ బాల్ పడితే ఇన్నింగ్స్ ఊపు అక్కడే చచ్చిపోతుంది. ఆర్‌బీఐలు లెక్కపెట్టేవాళ్లు ఈ పక్క కూడా చూడాలి.

ట్రిపుల్ క్రౌన్ వచ్చింది కాబట్టి ఎంవీపీ ఇచ్చేయాలన్న రూల్ కూడా ఎక్కడా లేదు. టెడ్ విలియమ్స్ 1942లో, 1947లో రెండుసార్లు ట్రిపుల్ క్రౌన్ కొట్టినా ఎంవీపీ రాలేదు. 1947లో జో డిమాజియో చేతిలో ఒక్క పాయింట్ తేడాతో, 202కు 201, పోయింది. అది అన్యాయమే అంటాను నేను. కానీ పట్టం మోశాడు కాబట్టి పీఠం కూడా అతనిదే అన్న వాదన ఎప్పుడూ చెల్లలేదని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు.

రాజు గారి లెక్కతో నాకున్న పేచీ వేరు. ఎక్స్‌లన్నీ ఒకటి కాదు. సెకండ్ బేస్‌లో ఎక్స్ తప్పితే మామూలుగా సింగిల్. సెంటర్ ఫీల్డ్‌లో తప్పితే డబుల్, ట్రిపుల్ దాకా పోతుంది. 85ను 170తో తూకం వేయాలంటే ముందు ఒక్కోదాని బరువు చూడాలి.

డైస్‌రాజు

సుధ గారు చెప్పిన బరువు సంగతి నిజమే. అందుకే కానోను సెకండ్ బేస్ కారణంగా మొదట పెట్టలేదు, రెండో స్థానంలో పెట్టాను. అయితే సెకండ్ బేస్ ఎక్స్‌లో ఇంకో లాభం ఉంది, రన్నర్ ఉంటే డబుల్ ప్లే వస్తుంది. సెంటర్ ఫీల్డర్ మంచి క్యాచ్ పట్టినా వచ్చేది ఒక్క ఔటే. రెండూ కలిపి చూస్తే బరువు తేడా చాలావరకు సర్దుకుంటుంది, సంఖ్య తేడా మిగిలిపోతుంది.

ట్రౌట్ అభిమానులకు ఇంకో మాట. 2012 జూన్ 27న బాల్టిమోర్‌లో జే జే హార్డీ కొట్టిన బంతిని గోడ మీదికి ఎగిరి పట్టాడు, గుర్తుందిగా? అందరూ ట్రౌట్ పేరు చెప్పగానే చూపించే వీడియో అదే. మన ఆటలో ఆ క్యాచ్ పట్టే వీలే లేదు. కార్డు మీద హోమ్ రన్ పడితే అది హోమ్ రనే, ఏ ఫీల్డరూ దాన్ని ఆపలేడు. ఆ క్యాచ్ ఎక్కడుందో తెలుసా? హార్డీ కార్డులో ఉంది. ఆ ఏడు అతని ఖాతాలో ఒక హోమ్ రన్ తక్కువ పడింది, ఆ లెక్కతోనే అతని కార్డు తయారైంది. ట్రౌట్ చేసిన మేలు అప్పటికే అవతలివాళ్ల కార్డుల్లో జమ అయి ఉంటే, దానికే ట్రౌట్‌కు మళ్లీ పాయింట్లు ఎలా ఇస్తాం?

కొత్త మేనేజర్

ఒక సందేహం అండీ. టైగర్స్ పిచ్చర్ వెర్లాండర్ పేరు ఎవరూ ఎత్తలేదేం? 2011లో సై యంగ్ (ఉత్తమ పిచ్చర్ అవార్డు)తో పాటు ఎంవీపీ కూడా ఆయనకే ఇచ్చారు కదా. 2012లోనూ 2.64 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటు), 239 స్ట్రైకౌట్లు. పిచ్చర్లకు ఓటు వేయకూడదా?

డైస్‌రాజు

వేయొచ్చు. రైటర్ల నిబంధనల్లోనూ పిచ్చర్లు అర్హులే. పైగా మీ ప్రశ్నకు స్ట్రాట్‌లో మంచి సమాధానం ఉంది. వెర్లాండర్ ఆ ఏడు 238 ఇన్నింగ్స్‌కు పైగా వేశాడు, తొమ్మిది వందలకు పైగా బ్యాటర్లను ఎదుర్కొన్నాడు. తెల్ల డైస్ సగంసార్లు పిచ్చర్ వైపే పడుతుంది కాబట్టి అతని కార్డును 450 సార్లకు పైగా చూస్తాం. రోజూ ఆడే బ్యాటర్ 690 సార్లు ప్లేట్ దగ్గరికి వచ్చినా అతని కార్డు చూసేది 345 సార్లే. వినడానికి వెర్లాండర్‌దే పైచెయ్యి. కానీ ఆ 108లో 30 ఎక్స్‌లు ఫీల్డర్లకు పోతాయి. అవి తీసేస్తే 325 దగ్గర ఆగుతుంది. అంటే ఒక పెద్ద బ్యాటర్‌తో దాదాపు సమానం. నా బ్యాలెట్‌లో వెర్లాండర్ అయిదో పేరు.

స్కోర్‌షీట్ అక్క

మీరందరూ కార్డుల గురించే మాట్లాడుతున్నారు. సీజన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

కార్డు చూసి ఓటేసేటట్టయితే ఇన్ని నెలలు డైస్ వేయడం దేనికి? కార్డు అంటే 2012. దాన్ని చూసి ఓటేస్తే 2012 బ్యాలెట్‌ను మళ్లీ వేస్తున్నట్టే. మన లీగ్‌లో ఏం జరిగిందో నా దగ్గర షీట్లలో ఉంది. మన లీగ్‌లో కబ్రేరాకు ట్రిపుల్ క్రౌన్ రాలేదు. ఏంజెల్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లారు, అసలు 2012లో 89 గెలిచి కూడా వెళ్లలేకపోయినవాళ్లు. 88 గెలిచిన టైగర్స్ అప్పుడు వెళ్లారు. మన దగ్గర తారుమారైంది. ఇది ఎవరి బ్యాలెట్‌లోనైనా కనిపిస్తోందా?

ఒక్క గేము చెప్తాను. యాంకీస్ స్టేడియం, ఎనిమిదో ఇన్నింగ్స్, ఇద్దరు బేస్‌ల మీద, కబ్రేరా బ్యాటింగ్, ఫిల్ హ్యూస్ పిచింగ్. తెల్ల డైస్ 5. అంటే హ్యూస్ కార్డు. హ్యూస్ ఆ ఏడు 35 హోమ్ రన్లు ఇచ్చినవాడు, ఆ కార్డు మీద హోమ్ రన్లకు కొదవ లేదు. బంతి బయటికి పోయింది, మూడు ఆర్‌బీఐలు కబ్రేరా పేరున రాశాను. కబ్రేరా కార్డు ముట్టుకోనేలేదు. ఆ స్థానంలో దాదాపు ఏ కుడిచేతి బ్యాటర్ ఉన్నా అదే హోమ్ రన్. అయినా రాశాను, రాయాలి కూడా. ఎందుకంటే గేము అలాగే గెలిచారు. విలువ అంటే అది.

అసలు ఆటలో అదృష్టం ఎంత, సత్తా ఎంత అని విడదీయలేక కొట్టుకుంటారు. మన దగ్గర విడదీయొచ్చు, ఏ కార్డు మీద ఏం పడిందో రాసుకుంటే చాలు. విడదీయగలం కాబట్టి అదృష్టాన్ని తీసిపారేయాలని రాజు అంటున్నట్టుంది. తీసేస్తే మిగిలేది ఆటగాడు కాదు, అట్టముక్క.

డైస్‌రాజు

అక్కా, అదృష్టాన్ని తీసేయమని నేను అనలేదు. ఫలితాలే లెక్కలోకి రావాలి, అందులో మీతో ఏకీభవిస్తాను. నేను అంటున్నది ఫీల్డింగ్ గురించి. బ్యాటింగ్ ఫలితం షీట్‌లో పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. కానో ఎక్స్ తీసి ఔట్ చేస్తే మీరు రాసేది 4-3 అనే, అంటే సెకండ్ బేస్‌మన్ నుంచి ఫస్ట్ బేస్‌మన్‌కు బంతి వెళ్లి ఔట్. అది మామూలు గ్రౌండ్ బాలా, కానో కాకుండా వేరేవాడుంటే సింగిల్ అయ్యేదా అని షీట్ చెప్పదు. అందుకే కార్డు దగ్గరికి వెళ్లాను.

లెఫ్టీ స్పెషలిస్ట్

కానోను రెండో స్థానంలో పెట్టే ముందు అతని కార్డు ఎడమవైపు చూడండి. స్ట్రాట్ అడ్వాన్స్‌డ్ కార్డులో ఎడమచేతి పిచ్చర్ మీద ఒక పక్క, కుడిచేతి పిచ్చర్ మీద ఒక పక్క ఉంటాయి కదా. 2012లో కానో ఎడమచేతి పిచ్చర్ల మీద బాగా తడబడ్డాడు. కుడిచేతివాళ్ల మీద ఎంత ప్రమాదకరమో, ఇటుపక్క అంత మామూలు బ్యాటర్.

అసలు లీగ్‌లో మేనేజర్ చేతిలో ఇలా ఆ సీజన్ మొత్తం ఫలితాలున్న కార్డు ఉండదు. మన లీగ్‌లో కార్డు టేబుల్ మీదే ఉంటుంది. ఏడో ఇన్నింగ్స్ నుంచి కానో వస్తే నేను కచ్చితంగా లెఫ్టీని దింపుతాను. దింపాను కూడా. గేము బిగుసుకున్న చోట కానో సగం బ్యాటర్ అయిపోతాడు. కబ్రేరా, ట్రౌట్ ఇద్దరూ కుడిచేతివాటం, వాళ్ల మీద ఈ ఎత్తు పారదు. టెన్షన్ ఉన్న ఇన్నింగ్స్‌లో అవతలి మేనేజర్ చేతికి మందు దొరికే ఆటగాడికి రెండో ఓటు వేయలేను. పొజిషన్ గురించే మీ బాధ అయితే టెక్సాస్ ఆటగాడు బెల్ట్రేను చూడండి. .321, 36 హోమ్ రన్లు, థర్డ్ బేస్‌లో గోల్డ్ గ్లవ్, కుడిచేతివాటం.

డైస్‌రాజు

ఇది ఇప్పటిదాకా వచ్చినవాటిలో బలమైన వాదన. ఎక్స్ లెక్క నుంచి నేను బయటికి రాలేదు, కానీ చివరి ఇన్నింగ్స్ సంగతి వదిలేయలేం. నా జవాబు: స్టార్టింగ్ పిచ్చర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లే, కానో ప్లేట్ దగ్గరికి వచ్చిన సార్లలో పెద్ద భాగం వాళ్ల మీదే. బుల్‌పెన్‌లో (గేము మధ్యలో దింపే పిచ్చర్లలో) లెఫ్టీలు అందరి దగ్గరా లేరు, ఉన్నవాళ్లు రోజూ వేయలేరు. కానో కోసం మీరు లెఫ్టీని దింపారంటే, ఆ తరవాత వచ్చే కుడిచేతి బ్యాటర్‌కు మేలు చేసినట్టే. అది కూడా కానో విలువే.

అక్కా, ఒక సాయం. ఏడో ఇన్నింగ్స్ తరవాత కానో లెఫ్టీల మీద ఎన్నిసార్లు ఆడాడో మీ షీట్లలో దొరుకుతుందా?

స్కోర్‌షీట్ అక్క

దొరుకుతుంది. పిచ్చర్ పేరు పక్కన చెయ్యి కూడా రాస్తాను. కానీ కానో ఒక్కడికే లెక్కపెట్టను. కానో, కబ్రేరా, ట్రౌట్, బెల్ట్రే నలుగురికీ ఒకే తీరుగా, ఏడో ఇన్నింగ్స్ నుంచి గేము రెండు పరుగుల తేడాలో ఉన్నప్పుడు ఏం చేశారో తీసి శనివారం పెడతాను. అప్పటిదాకా నా బ్యాలెట్ పంపను.

మోటార్‌సిటీ తెలుగు

మంచిది అక్కా. ఆ లెక్కలో డబుల్ ప్లేలు కూడా వేయండి, సుధ గారు అన్నారని కాదు, నాకూ తెలియాలి. నా మొదటి పేరు కబ్రేరానే. రెండో పేరు దగ్గర ఖాళీ పెట్టాను.